బోణీ వేళ లేదన్న మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో "లేదు" అనే మాట లేదు. చూశారా, మొదటి వాక్యంలోనే రెండుసార్లు అనేశాను. మా అవ్వ బతికి ఉంటే ఈపాటికి నా నెత్తిన మొట్టికాయ పడేది.

మాది దుకాణం ఇల్లు. కట్టంగూర్ దాటి కేతేపల్లి వైపు పోయే పెద్ద రోడ్డు మీద ఒక ఊరు. ముందు మడిగెలో కిరాణం, వెనుక మూడు అర్రల్లో మా కాపురం. మడిగే, అర్రలూ అన్నీ కిరాయివే. బియ్యం అయిపోతే మేం "బియ్యం నిండుకున్నాయి" అనాలి. దీపం ఆరిపోతే "కొండెక్కింది" అనాలి. గిరాకీకి వచ్చినవాళ్లు బెల్లం అడిగితే, డబ్బాలో ఈగ తప్ప ఇంకేమీ కనపడకపోయినా, "బెల్లం నిండుకుంది, ఎల్లుండి వస్తది" అనాలి. ఈ రెండో ముక్క చాలా ముఖ్యం. నిండుకుందని చెప్పి మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పనివాడు దుకాణదారు కాడు, దొంగ అనేది మా అవ్వ. ఆమె మా బాపుకు తల్లి. దుకాణం పేరుకు బాపుదే గానీ నోరు మాత్రం అవ్వదే.

అన్ని వేళల్లోకీ బోణీ వేళ మరీ గండం. పొద్దున తలుపులు తీసి, గల్లా పెట్టెకు ఊదుబత్తి చూపించి, మొదటి గిరాకీ అయ్యేదాకా మా దుకాణంలో ఎవరూ గట్టిగా ఊపిరి తీసేవాళ్లు కాదు. ఆ వేళ వచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపకూడదు. "లేదు" అన్నమాట మా నోటి నుంచే కాదు, వచ్చినవాళ్ల నోటి నుంచి కూడా రాకూడదు. వస్తే ఆ రోజంతా దుకాణం ఎండిపోతుందని నమ్మకం. ఈ రహస్యం తెలిసిన దాన్ని గనుక నేను ఇప్పటికీ చీరల దుకాణానికి షట్టరు ఎత్తే వేళకే పోతాను. నా కోడలు సిగ్గుతో రోడ్డు అవతల నిలబడుతుంది. చీర మాత్రం కట్టుకుంటుంది.

నాకు ఏడెనిమిదేళ్లు ఉన్నప్పుడు మా ఊరి పక్క నుంచి కాలువ తవ్వడం మొదలుపెట్టారు. జనం వచ్చారు. మొదట మేస్త్రీలు, వాళ్ల వెనక పాలమూరు నుంచి మట్టి పనివాళ్లు, వాళ్ల వెనక లారీల వాళ్లు, లారీల వాళ్ల వెనక చాయ్ హోటళ్లు. చూస్తుండగానే ఊళ్లో పశువుల కొట్టాలు కడిగి సున్నం వేసి మనుషులకు కిరాయికిచ్చారు. బర్రెలు వాకిట్లోకి వచ్చాయి, మనుషులు కొట్టంలోకి పోయారు. మా దుకాణంలో గిరాకీ ఎప్పుడూ ఎరగనంత పెరిగింది. బాపు కొత్త తరాజు కొన్నాడు. చేతులు రెండూ చాలక అమ్మను కూడా మడిగెలో కూర్చోబెట్టాడు. మా అందరికీ పండుగలాగే ఉంది. అవ్వ ఒక్కతే గుమ్మం దగ్గర కూర్చుని రోడ్డు వైపు చూస్తూ, "ఊరు నిండుతాంది. ఇంకొన్ని దినాలైతే నిండుకుంటది" అని గొణిగేది. మా ఇంట్లో ఆ మాటకు ఏం అర్థమో నాకు తెలుసు. పొట్లాలు కట్టే నా చేయి ఒక్క క్షణం ఆగిపోయేది.

మా దుకాణానికి ఎదురుగా, రోడ్డు దిగువన, ఒక మట్టి పనివాళ్ల కుటుంబం ఎడ్లబండి కింద ఉండేది. బండి చుట్టూ గోనె సంచులు కట్టుకున్నారు. అదే వాళ్ల గోడ. వాళ్ల పిల్లది నా ఈడుదే. రోజూ సాయంత్రం సొట్టలు పడ్డ గ్లాసు పట్టుకొని దీపానికి నూనె కోసం వచ్చేది. ఒకనాడు నూనె పోయించుకుంటూ నా వెనకాల ఉన్న ఇంటి వైపు తొంగి చూసి అడిగింది.

"మీ ఇంటికి తలుపున్నదా?"

ఉందన్నాను, గొప్పగా. రెండు రెక్కలున్నాయని, లోపల గొళ్లెం కూడా ఉందని చెప్పాను.

"మరి ఏసుకుంటరా?" అంది.

తలుపున్న ఇంట్లో పుట్టినదాన్ని, తలుపు గురించి అంతవరకూ ఎన్నడూ ఆలోచించలేదు. ఆ సాయంత్రం మొదటిసారి గొళ్లెం పట్టుకొని చూశాను. నూనె జిడ్డుతో నల్లగా, చల్లగా ఉంది.

తర్వాత కొన్నాళ్లకే ఒక మధ్యాహ్నం మా ఇంట్లోకి తాడు పట్టుకొని మనుషులు వచ్చారు. ముందు బట్టల సేటు ఉన్నాడు. ఆయనే మా ఇంటి యజమాని. బజారు మధ్యలో ఆయనకు పెద్ద బట్టల దుకాణం ఉండేది. ఆయన వెనుక కాలువ పని గుత్తకు తీసుకున్నాయన, ఆయన వెనుక ఇద్దరు పనివాళ్లు. మమ్మల్ని పలకరించకుండానే గోడలు కొలవడం మొదలుపెట్టారు. అమ్మ పొయ్యి మీద పప్పు ఉడుకుతూనే ఉంది. తాడు ఆమె తల మీదుగా పోయింది, ఆమె వంగింది. వాళ్లలో ఒకడు నేను పడుకునే చోట గోడ మీద సుద్దతో ఒక గీత గీశాడు. ఆ గీత ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు. కొంగుతో తుడుస్తానని లేచిన అమ్మను బాపు కళ్లతోనే ఆపాడు.

విషయం ఇంతే. గుత్తేదారుకు సిమెంటు పెట్టుకోవడానికీ, లెక్కలు రాసుకునే కచేరీకీ మా ఇల్లు, మడిగె మొత్తంగా కావాలి. మేమిచ్చే కిరాయికి మూడింతలు ఇస్తానన్నాడు. సేటు బాపుతో, అదే కిరాయి మీరివ్వండి, లేకపోతే అమావాస్య లోపల ఖాళీ చెయ్యండి అన్నాడు. మా బాపు బేరమాడుతుంటే చూడాలి. ఎండు మిరపకాయల బస్తా దగ్గర కూర్చొని ఎదుటివాణ్ని నవ్విస్తూ, తిడుతూ, పొగుడుతూ, చివరికి వాడే సిగ్గుపడి ధర తగ్గించుకునేలా చేసేవాడు. ఆ రోజు మాత్రం ఆయన గొంతులో ఆ ఊపు వినపడలేదు. చివరికి చేతులు రెండూ కిందికి వదిలేసి అన్నాడు:

"ఊరంత నిండుకుంది సేటూ. ఏడికి పోవాలె మేము?"

నేను తలుపు చాటున నిలబడి రెండో ముక్క కోసం చూశాను. మళ్లీ ఎప్పుడు వస్తుందో బాపు చెబుతాడని. ఆయన చెప్పలేదు. దుకాణంలో పుట్టిన పిల్లకు అంతకంటే భయం ఇంకేముంటుంది?

ఆ తర్వాత రోజులన్నీ ఒకేలా గడిచాయి. బాపు ఇళ్లు చూడటానికి పోయి వచ్చేవాడు. వచ్చి కాళ్లు కడుక్కొని గల్లా పెట్టె ముందు కూర్చునేవాడు. దూడల కొట్టాలు కూడా దొరకట్లేదని అమ్మ పొరుగావిడతో చెబుతుంటే విన్నాను. అమ్మ ఊరగాయ జాడీలకు గుడ్డలు చుట్టింది. వాడని గిన్నెలన్నీ గోనెలోకి పోయాయి. నాకు అన్నం దిగేది కాదు. ఎదురుగా బండి కింద ఉన్న పిల్ల వైపు చూడటం మానేశాను. చూస్తే, దాని పక్కన గోనె సంచి ఎత్తుకొని నేనే బయటికి వచ్చినట్టు కనపడేది. వాన పడితే బండి కింద ఏ మూల తడవకుండా ఉంటుందో కూడా దూరం నుంచే చూసి పెట్టుకున్నాను. ఇలాంటి ముందు జాగ్రత్త నాకు అప్పటి నుంచే ఉంది.

ఒకనాడు అమ్మను అడిగాను, తలుపు మనదా, సేటుదా అని. సేటుదే అంది. మరి గొళ్లెం? అమ్మ సర్దుతున్న గిన్నెను కింద పెట్టి, నన్ను దగ్గరికి లాక్కొని, "అది గూడ ఆయనదే బిడ్డా" అంది. బేరంలో నేను మొదటిసారి ఓడిపోయింది అక్కడే.

అమావాస్య దగ్గరికొచ్చింది. ఒక పొద్దున, ఇంకా వాకిలి ఊడవకముందే, అవ్వ నన్ను లేపింది. మొహం కడిగి, తలకు నూనె పెట్టి, రెండు జడలు వేసి, పండుగకు దాచిన పచ్చ లంగా కట్టింది. బొట్టు పెట్టింది. ఎక్కడికి అని అడిగితే, రవికె బట్టకు అంది. ఇల్లు పోతుంటే రవికె ఏమిటో నాకు అర్థం కాలేదు. బజారులోకి నడుస్తుంటే ఆమె చేయి గట్టిగా పట్టుకున్నాను.

"భయమైతాంది అవ్వా" అన్నాను.

"కానియ్యి. భయాన్ని ఇంట్ల ఇడిసి రావద్దు, ఎంటబెట్టుకొనే రా. నువ్వేం మాట్లాడకు. ఎవలన్న అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. గంతే."

మేం పోయేసరికి సేటు అప్పుడే నీళ్లు చల్లించి, గల్లా పెట్టెకు దండం పెట్టుకొని తెల్లటి పరుపు మీద కూర్చున్నాడు. బొట్టు పెట్టుకున్న ఆడపిల్ల మొదటి గిరాకీకి గడప ఎక్కితే ఏ దుకాణదారుకైనా సంతోషమే. ఇంటి గొడవ మరిచిపోయినట్టే మొహం వెడల్పు చేసుకున్నాడు.

"రా పెద్దమ్మా. పొద్దుగాల్నే లచ్చిమిని తోల్కొచ్చినవ్!"

అవ్వ రవికె బట్టలు చూపించమంది. చూపించాడు. ఇంకోటి అంది. ఇంకోటి చూపించాడు. ఆమె ప్రతి గుడ్డ అంచూ వేళ్ల మధ్య పెట్టి నలుపుతూ, వెలుతురుకు పట్టి చూస్తూ, మా దుకాణానికి అలాంటి గిరాకీ వస్తే మేం పళ్లు నూరుకునేటంత నిదానంగా చూసింది. ఇంతలో పక్క ఊరి నుంచి పెళ్లి బట్టలకని నలుగురు ఆడవాళ్లు వచ్చారు. బోణీ కానిదే వాళ్లకు చూపించకూడదు గనుక సేటు వాళ్లను కూర్చోమన్నాడు. నేను గోడల నిండా కప్పు దాకా పేర్చిన తానులను చూస్తున్నాను. ఇన్ని బట్టలకు ఇల్లు ఉంది అనుకున్నాను.

అవ్వ ఇంకా తేల్చట్లేదు. సేటు ఊరికే కూర్చోలేక నా వైపు తిరిగి నవ్వుతూ అడిగాడు. ఎగతాళికి కాదని ఇప్పుడు అనుకుంటాను. ఏదో ఒకటి మాట్లాడాలి గదా అని అడిగి ఉంటాడు.

"ఏం బిడ్డా, మీ బాపు ఇల్లు చూసిండా? దొరికిందా?"

నేను అవ్వ వైపు చూశాను. ఆమె గుడ్డ అంచే చూస్తోంది. ఇన్ని రోజుల నుంచి కడుపులో ఉన్నది ఒక్కసారిగా పైకి వచ్చింది.

"లేదు" అన్నాను.

దుకాణంలో గజం బద్ద కిందపడినా అంత చప్పుడు అయ్యేది కాదు. కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె రెండు చెంపలూ వేసుకుంది. "అయ్యో, బోనీ గాకముందే!" అంది. ఇంకొకామె పెళ్లికూతురి చెయ్యి పట్టుకొని, "నడువుండ్రి, మనం మల్ల వద్దాం తియ్యి" అని లేచింది. శుభమా అని పెళ్లి బట్టలకు వచ్చి, లేదు అన్న దుకాణంలో ఎవరు కొంటారు? సేటు మొహంలో రంగు దిగిపోయింది. ఎంత చెడ్డ మాట అనేశానో నాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఈయన అమావాస్య దాకా కూడా ఆగడు, ఈ పూటే మా గిన్నెలు రోడ్డు మీద పెట్టిస్తాడు అనుకున్నాను. అవ్వ చీర కుచ్చిళ్లు పట్టుకున్నాను.

"గట్లంటదా పెద్దమ్మా పిల్ల! ఉన్నదని అనిపియ్యి, జల్ది అనిపియ్యి!" అన్నాడు సేటు.

అది కూడా మా దుకాణదారుల పద్ధతే. ఆ మాట అన్న నోటితోనే "ఉన్నది" అనిపిస్తే దోషం పోతుంది.

అవ్వ నా గడ్డం పట్టుకుంది. "అను బిడ్డా. ఉన్నదను."

నోరు తెరిచాను. ఉన్నది ఉన్నట్టు చెప్పమని ఆమే చెప్పింది గదా దారిలో. తలుపు సేటుది, గొళ్లెం సేటుది.

"ఏది ఉన్నదవ్వా?" అని అడిగాను.

అవ్వ మెల్లగా సేటు వైపు తిరిగింది. "పిల్ల అడుగుతాంది కొడుకా. ఏది ఉన్నదని చెప్పాలె? అనాల్నంటే ఉండాలె గదా."

"బోనీ యాళ గిదేం బేరం పెద్దమ్మా!"

"బేరం నేనాడుతున్ననా? నేను రవికె బట్టకొచ్చిన."

లేచిన పెళ్లివాళ్లు గడప దగ్గరే ఆగిపోయారు. ఏం జరుగుతుందో వాళ్లకు సగమే అర్థమైంది గానీ, వాళ్లలో పెద్దామె, "ఇయ్యరాదా సేటూ, ఏదో ఆ పిల్ల అడిగేది. నోట్లకెల్లి ఒక మంచి మాట రానియ్యి, మాకు పొద్దువోతాంది" అంది. సేటు భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. పెళ్లివాళ్లను చూశాడు, గల్లా పెట్టెను చూశాడు, నన్ను చూశాడు.

"సరే, ఉండుండ్రి. కాలువ పని అయ్యేదాక ఉండుండ్రి. ఇగనన్న అనుమను."

నేను అనబోయాను. అవ్వ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అవ్వ ఇంకేం అడుగుతుందో అని సేటు గుడ్లు తేలేశాడు. కానీ ఆమె అడగలేదు, ఇచ్చింది.

"ఎనుక అర్ర నీ గుత్తేదారుకు సిమెంటు పెట్టుకోను ఇచ్చుకో. కిరాయి గూడ జర పెంచుకో, మేము మొయ్యగల్గినంత. నీకు గూడ ఇల్లు గడవాలె గదా కొడుకా."

అప్పుడు నా నోటి మీద చెయ్యి తీసింది. "ఉన్నది" అన్నాను. సేటు చేతులు జోడించి, "జర గట్టిగ, నీ కాల్మొక్త" అన్నాడు. నేను బజారంతా వినపడేలా అరిచాను. పెళ్లివాళ్లు నవ్వుతూ లోపలికి వచ్చి కూర్చున్నారు. అవ్వ చేతిలో ఉన్న రవికె బట్టను ఆయన చెప్పిన ధరకే, ఒక్క పైసా కూడా తగ్గించమనకుండా కొన్నది. మా వంశంలో అలా కొన్నవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

ఇంటికి వచ్చాక బాపు మొదట కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత దుకాణదారు బుద్ధి మేలుకొని, అర్ర ఎందుకు వదిలిపెట్టినవ్, ఆయన అంత భయపడ్డప్పుడు ఇల్లంతా పాత కిరాయికే వచ్చేది గదా అని నస మొదలుపెట్టాడు. అవ్వ అప్పుడు వంటకు బియ్యం తీస్తోంది. బియ్యం డబ్బా దాదాపు నిండుకుంది. ఎప్పటిలాగే అడుగున ఒక పిడికెడు వదిలిపెట్టి మూత పెట్టింది.

"డబ్బ అడుగు గీకితే ఆ చప్పుడు ఊరంత ఇనవడ్తది బిడ్డా. ఎదుటోని అడుగు గీకొద్దు. రేపు మల్ల ఆన్నే బతకాలె."

వెనుక అర్రలోకి సిమెంటు వచ్చింది. రెండు అర్రల్లో మేమందరం సర్దుకున్నాం. పప్పులో సిమెంటు, పక్క మీద సిమెంటు, బాపు మీసాల్లో సిమెంటు. నేను పడుకునే చోటున్న సుద్ద గీతను మాత్రం అమ్మ ఆ పూటే తుడిచేసింది. అయినా నాకు ఆ గీత కనపడుతూనే ఉండేది. సాయంత్రం కాగానే పోయి గొళ్లెం వేసి, తీసి, మళ్లీ వేసి చూసేదాన్ని. కాలువ పని ఎప్పుడు అయిపోతుందోనని వచ్చిన ప్రతి మేస్త్రీనీ అడిగేదాన్ని. వాళ్లేమో, పిల్లకు నీళ్ల మీద ఎంత ఆశో అనుకునేవాళ్లు. నేను కోరుకున్నది ఆ పని ఎన్నటికీ అవొద్దని.

బండి కింద పిల్ల సంగతి చెప్పాలి. మొదటి వానలకు బండి అక్కడి నుంచి కదిలింది. ఎటు పోయిందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. ఆ పిల్లకు పొద్దున్నే పచ్చ లంగా కట్టి ఏదో ఒక దుకాణం గడప ఎక్కించే అవ్వ లేదు. ఆ "లేదు" మాత్రం ఎవరి చేతా వెనక్కి తీయించలేకపోయాను.

పెద్దయ్యాక ఒకసారి అవ్వను అడిగాను, ఆ రోజు నా చేత ఆ మాట అనిపించాలనే తీసుకుపోయావా అని. "నిన్ను భయపడుమని నేను చెప్పిన్నా?" అంది. అంతకు మించి ఒక్క ముక్క రాబట్టలేకపోయాను. నా బేరాల్లో అది రెండో ఓటమి.

ఇప్పుడు తెలంగాణ వచ్చింది, జిల్లాలు విడిపోయాయి, రోడ్డు ఒకటికి రెండైంది. జొన్న, ఆముదం పండిన చేలల్లో రంగు రంగుల జెండాలు పాతి, తెల్ల రాళ్లు నాటి ప్లాట్లు అమ్ముతున్నారు. రోడ్డు పొడవునా గోదాములు. నాలుగు గుంటల భూమి ముందే అమ్ముకున్నవాడు తిట్టుకుంటున్నాడు, ఆగి అమ్మినవాడు కారు కొన్నాడు, అసలు గుంట కూడా లేనివాడు కిరాయి ఇల్లు వెతుక్కుంటూ ఆ కారుకు దారి ఇస్తున్నాడు. ఊరు మళ్లీ నిండుతోంది. ఈసారి నేను తలుపుకు ఇవతల ఉన్నాను. నన్ను ఈ ఊళ్లోనే ఇచ్చారు. మా ఆయనా నేనూ అదే రోడ్డు మీద దుకాణం నడిపి, జాగా కొని, ఇల్లు కట్టాం. ఆయన పోయారు. కింద నేనుంటాను, పై అంతస్తు కిరాయికిచ్చాను.

పైన ఉన్నవాళ్లు ఆత్మకూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చారు. అతను గోదాములో బండి నడుపుతాడు, ఆమె మిషను కుడుతుంది. నాలుగో తరగతి చదివే బిడ్డ ఉంది. మొన్న ఎండాకాలం ఒక బ్రోకరు పిల్లగాడు మా ఇంటికి ఒక కంపెనీ మనిషిని తీసుకొచ్చాడు. వాళ్ల సిబ్బందికి పై అంతస్తు మొత్తం కావాలట. ఆ మనిషి చేతిలో చిన్న డబ్బాలాంటిది ఉంది. నొక్కితే గోడ మీద ఎర్ర చుక్క పడుతుంది, కొలత వస్తుంది. తాడు పోయింది, సుద్ద పోయింది. ఎర్ర చుక్క మెట్ల గోడ మీద పాకుతూ పైకి పోయింది. పై నుంచి మిషను చప్పుడు ఆగిపోయింది.

వాళ్లిస్తామన్నది విని నా నోట్లో నీళ్లూరాయి, దాచడమెందుకు? ఇంకా ఎంత లాగొచ్చో అప్పుడే మనసులో అనుకున్నాను కూడా. కొడుకు పట్నంలో ఫ్లాటుకు కిస్తులు కట్టలేక సతమతమవుతున్నాడు. ఫోనులో, "గిసొంటి గిరాకీ మల్ల వస్తదా అమ్మా" అన్నాడు. వాడిదీ భయమే. ఈ కాలంలో ఇల్లు లేనివాడికి ఒక భయం, ఇల్లు కొన్నవాడికి ఇంకో భయం.

మరునాడు పొద్దున పైకి పోయాను. చెప్పాల్సిన మాటలు మెట్టు మెట్టుకూ మెత్తగా చేసుకుంటూ ఎక్కాను. పిల్ల తలుపు తీసింది. బడి బట్టల్లో ఉంది. దాని వెనుక అట్టపెట్టెలో అప్పటికే గిన్నెలు సర్ది ఉన్నాయి. వాళ్ల అమ్మ లోపల కుళాయి దగ్గర ఉన్నట్టుంది. ఆ పిల్ల చెయ్యి గొళ్లెం మీదే ఉంది. ఊరికే నిలబడలేక, ఏదో ఒకటి మాట్లాడాలి గదా అని అడిగాను.

"ఏం బిడ్డా, మీ నాయిన ఇల్లు చూసిండా? దొరికిందా?"

అడిగాక తెలిసింది, అది నా మాట కాదని.

"లేదు" అంది పిల్ల.

గోడ పట్టుకున్నాను. "గట్లనొద్దు బిడ్డా. ఉన్నదను" అన్నాను. నాకే వినపడనంత చిన్నగా.

పిల్ల నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఏడ?" అంది.

ఆ రోజు నేను కిందికి దిగివచ్చి కూర్చున్నాక బ్రోకరు పిల్లగాడు ఫోను చేశాడు. ఇల్లు నిండుకుంది అని చెప్పాను. ఈ కాలం పిల్లగాడికి దుకాణం భాష ఏం తెలుసు? "ఫుల్లా అమ్మా?" అన్నాడు. ఫుల్లే అన్నాను. మరి మళ్లీ ఎప్పుడు ఖాళీ అయితదని అడిగాడు. అడగడం న్యాయమే. నిండుకుందన్నదాన్ని, ఎప్పుడో చెప్పకపోతే దొంగనవుతాను.

"కాలువ పని అయినంక" అన్నాను.

"ఏ కాలువమ్మా?" అన్నాడు పాపం.

పైవాళ్ల కిరాయి జర పెంచాను, మొయ్యగలిగినంత. దుకాణం రక్తం మరి. అట్టపెట్టెలోని గిన్నెలు మళ్లీ అలమరలోకి పోయాయి. కొడుకు నాలుగు రోజులు ఫోను చేయలేదు, తర్వాత చేశాడు. అయినా నేను నిండుకున్నాక ఈ ఇల్లు ఎవరి మాట వింటుందో నాకు తెలియదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ అదే భయం. భయాన్ని ఇంట్లో విడిచి రావద్దన్న అవ్వ మాట ఒక్కటే నేను బేరమాడకుండా తీసుకున్నది. అందుకే దాన్ని ఇన్నేళ్లుగా వెంటబెట్టుకొనే తిరుగుతున్నాను. పొద్దుగూకగానే నా తలుపు గొళ్లెం వేసి, తీసి, మళ్లీ వేస్తాను. తర్వాత మెట్ల కింద కాసేపు నిలబడతాను. పైన ఆ పిల్ల గొళ్లెం వేసుకున్న చప్పుడు వినపడ్డాకే లోపలికి వస్తాను.